సూటు పోను

హాలియ బస్టాండు ఎదురుంగ
డ్రిప్పు పైపుల దుకాణం నాది.
బేస్తారం బేస్తారం రాత్రి షట్టరు సగం దించి
బత్తాయి రైతులకు ఒక కాగితం రాస్త.
రెండు దిక్కుల జిరాక్సు, ఏడాదికి నూరు రూపాయలు,
రెండొందల పద్నాలుగు మంది.
తెల్లారి దేవరకొండ బస్సుల కొన్ని పోతయి,
పెద్దవూర ఆటోల కొన్ని,
గుర్రంపోడుకు పాల వ్యాను మీద.

మొదట్ల బత్తాయే రాసిన.
జాగ మిగిలిందని రాశిఫలాలు వెట్టిన.
రాశిఫలాలు బాగున్నయన్నరని సామెత వెట్టిన.
సామెత పక్కన మా బావమరిది బట్టల షాపు,
బట్టల షాపు కింద క్రికెట్టు,
క్రికెట్టు కింద, సిగ్గిడిసి చెప్తున్న,
నా కవిత.
కాయ రాలుడుకు మందు పోయి పోయి
జిరాక్సు మిషను నల్లగ కొట్టే మూలకు చేరింది.

నిరుడు ఎండకాలం సైదమ్మ వచ్చింది.
తిరుమలగిరి కాడ నూట ఎనభై చెట్లామెవి.
కొంగుల నుంచి నాలుగు మడతల కాగితం తీసి
బల్ల మీద పరిచింది.
అక్షరం అక్షరం కింద వేలు జరిపిన మరకలు.
"తమ్మీ, గిండ్ల నాదేది?"
చూపెట్టబోయిన.
నా వేలు కూడ చానసేపు ఎతికింది.

"సింహరాశికి ధనలాభమని రాసినవ్.
నాది సింహరాశే.
గదే వారం పట్నం మార్కెట్ల
టన్నుకు క్వింటన్నర సూటు తీసిండు.
పక్క షాపుల క్వింటే తీసిండంట.
గది నువ్వు ముందుగాల రాస్తే
నేను లారీ అటు మళ్లిద్దును గద."

నసిగిన.
సదివెటోళ్లకు రుచి ఉండాలె గదక్కా, అన్న.
"రుచి కాయల ఉంటది తమ్మీ.
కాగితంల సూటిగ సూటెంతో చెప్పు."

ఆ రాత్రి ఎర్ర పెన్ను పట్టుకొని కూసున్న.
రాశిఫలాలు సులువుగనే పోయినయి.
క్రికెట్టు పోయింది.
బావమరిది షాపు కొట్టేసిన్నాడు
ఇంట్ల అన్నం పెట్టుడు ఆలస్యమైంది.
కవిత కాడ పెన్ను ఆగింది.
ఎండుపుల్ల కోసుడు మీద రాసిన కవిత,
కోసినకాడ బోర్డో పేస్టు పుయ్యాలెనని
అండ్ల ఒక పాదముండె.
ఆ ఒక్కటి ఉంచిన.
మిగిలిన పద్దెనిమిది పాదాలు
సూటు కింద వోయినయి.

కాగితం ఒక దిక్కుకే సరిపోయింది.
ముప్పై ఒక్కమంది చందా బంద్ పెట్టిన్రు.
ఒక పెద్దాయన దుకాణం ముందట స్కూటరాపి
"నా మిథునం ఏమాయె?" అని నిలదీసిండు.
మిథునం తెల్వదు గని పెద్దయ్యా,
మీ మూడో బోరు ఎన్నించులు పోస్తున్నదన్న.
స్కూటరు బంద్ చేసిండు.
"ఇంచు కూడ లేదు" అన్నడు, ఇంకెటో చూసుకుంట.
రాసుకున్న.
ఇంచు లేని బోరు కింద
ఏ చెట్లకు ముందుగాల తడి ఇయ్యాలె,
వేటిని ఇడిసిపెట్టాలె,
ఆ వారం మొత్తం గదే.

ఇప్పుడు ఏ షాపుల ఎంత సూటు తీసిన్రో
మీదనే ఉంటది, పెద్దక్షరాలల్ల.
కింద ఎవరన్న పేరు పెట్టి అడిగిన ఒక్క ప్రశ్న.
జవాబు తెల్వకుంటే తెల్వదని.
అడుగున నాలుగు వేళ్ల జాగ ఖాళీ.
చేతులు గుంజుతనే ఉంటయి,
ఏదన్న నింపుదామని.

మొన్న దేవరకొండ బస్సు కండక్టరు
వాపసొచ్చిన కాగితమొకటి చేతుల పెట్టిండు.
ఖాళీ జాగల పెన్సిలు రాత, వంకర వంకర:
"నువ్వు రాసింది తప్పు.
సోమారం క్వింట కాదు, ఎనబై కిలోలే తీసిన్రు.
నేను ఆడనే ఉన్న.
కొర్ర చాంప్లా, నేరెడుగొమ్ము."

మిషను ముందట నిలవడి మూడుసార్లు సదివిన.
ఆ వంకర రాతను వంకరగనే
జిరాక్సు తీసిన.
మళ్ల బేస్తారానికి
అడుగు జాగ
ఇంకో రెండు వేళ్లు పెంచిన.